నాన్న ఆరెక్స్, నానమ్మ బీపీ మిషన్: ఇంట్లోనే టూ స్ట్రోక్ బండి ట్యూనింగ్

మా ఇంట్లో 1995 మోడల్ ఆరెక్స్ 100 ఉంది. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న బండి. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లిందీ, నన్ను మొదటిరోజు బడికి దించిందీ ఆ బండే. సెకండియర్ పరీక్షలయ్యాక ఇంటికెళ్తే తాళం నా చేతికిచ్చి, "జాగ్రత్తగా వాడుకో" అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మూడో వారంలో నేనూ తమ్ముడూ గుంటూరు నుంచి విజయవాడ బయల్దేరాం. కాజ టోల్‌గేట్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించింది. రేస్ ఇచ్చా. స్పీడోమీటర్ ముల్లు 80 మీద ఉంది. ఇంజన్ శబ్దం ఒక్కసారిగా సన్నబడింది, ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి అటూ ఇటూ ఊగుతూ జారుతోంది. క్లచ్ పట్టుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. "అన్నయ్యా, క్లచ్చు!" అని వెనక నుంచి వాడు అరిస్తే అప్పుడు పట్టుకున్నా. చక్రం వదిలింది. ఎలాగో పక్కకి తెచ్చి ఆపేసరికి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.

ఇంజన్ పట్టేసింది. మన పుస్తకాల భాషలో పిస్టన్ సీజర్. బండిని ఆటో ట్రాలీలో వేసుకుని ఇంటికి చేరాం. నాన్న బండి వైపు చూడలేదు. "బండి పోతే పోయింది. వెనక చిన్నోడు కూర్చున్నాడన్న సంగతి నీకు గుర్తుందా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే రెండు వారాల ముందే సౌండ్ బాగా వస్తుందని ఎయిర్ ఫిల్టర్ తీసేసింది నేనే.

ఆ వేసవంతా ఆ బండిని ఇంటి వసారాలో విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. మన హాస్టల్ షెడ్డులో ఇప్పటికీ నాలుగైదు పాత టూ స్ట్రోక్ బండ్లు కనిపిస్తున్నాయి. వాటి యజమానులు ఇది తప్పక చదవాలి. మిగతావాళ్లకి కూడా పనికొస్తుంది, ఎందుకంటే అసలు విషయం బండి కన్నా తప్పు వెతికే పద్ధతి.

ముందు ఇంజన్ గురించి నాలుగు మాటలు

ఆరెక్స్ 100ని మన దేశంలో ఎస్కార్ట్స్, యమహా కలిసి 1985లో తెచ్చాయి. 1996 దాకా తయారైంది. ఇంజన్ 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 50. వేగం వెనక రహస్యం పెద్దదేం కాదు. బండి బరువు దాదాపు వంద కిలోలే, పైగా టూ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒకటే.

థర్మల్ క్లాసులో మనం పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేస్ కూడా ఒక పంపే. పిస్టన్ పైకి వెళ్తే కింద ఖాళీ ఏర్పడి, కార్బొరేటర్ నుంచి రీడ్ వాల్వ్ ద్వారా గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి. పిస్టన్ కిందికి దిగితే ఆ మిశ్రమం ఒత్తుకుని, ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా సిలిండర్‌లోకి ఎక్కుతుంది. అంటే క్రాంక్‌కేస్‌కి ఎక్కడ చిన్న చిల్లు పడినా, కార్బొరేటర్‌కి తెలియకుండా దొంగ గాలి లోపలికి వచ్చేస్తుంది. మిశ్రమంలో పెట్రోల్ వాటా తగ్గుతుంది. దీన్నే లీన్ అంటాం. పెట్రోల్ ఎక్కువైతే రిచ్. రిచ్ అయితే బండి పొగ వదులుతుంది, ప్లగ్ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. అంటే జేబుకి నష్టం. లీన్ అయితే పిస్టన్ వేడెక్కి ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది. ఆ రెండింటి మధ్య ఉండే సందు వెంట్రుక మందం కన్నా తక్కువ.

లీన్‌తో ఇంకో తిప్పలుంది. పట్టేసే ముందు బండి చాలా బాగా లాగుతుంది. సౌండ్ కూడా సన్నగా, ముద్దుగా ఉంటుంది. నేను దాన్ని చూసే "అబ్బ, ఫిల్టర్ తీస్తే ఎంత తేడా" అని మురిసిపోయా.

స్టార్ట్ కాకపోతే మూడే ప్రశ్నలు

కిక్ కొట్టి కొట్టి కాలు వాచిపోయాక మనం చేసే మొదటి పని కార్బొరేటర్ విప్పడం. అది తప్పు. స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు వరసగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: స్పార్క్ వస్తోందా? ప్లగ్ విప్పి, క్యాప్‌కి తగిలించి, ప్లగ్ లోహపు భాగాన్ని ఇంజన్ రెక్కలకి ఆనించి కిక్ కొట్టండి. నీలంగా, "టక్ టక్"మని స్పష్టంగా కనిపించాలి. పసుపుగా, నీరసంగా ఉంటే ముందు ప్లగ్ మార్చండి. అయినా అంతే ఉంటే క్యాప్ తీసి వైరు చివర అర సెంటీమీటరు కోసి మళ్లీ బిగించండి. పాత బండ్లలో వైరు చివర పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఈ పరీక్షకి ముందు పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. ప్లగ్ రంధ్రం మీద గుడ్డ కప్పండి, ప్లగ్‌ని ఆ రంధ్రానికి దూరంగా ఆనించండి. అక్కణ్నుంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, పక్కనే నిప్పురవ్వ ఉంది మరి.

రెండోది: పెట్రోల్ వస్తోందా? ట్యాప్ దగ్గర పైపు పీకి, ఒక సీసాలోకి వదలండి. ధార ఆగకుండా రావాలి. ఇక్కడ అందర్నీ ఏడిపించే తమాషా ఒకటుంది. బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. చాలామంది కాయిల్ పోయిందనుకుని మార్చేస్తారు. ఈసారి అలా ఆగినప్పుడు ట్యాంకు మూత తెరిచి చూడండి. "స్‌స్" అని గాలి పీల్చుకున్న శబ్దం వస్తే జబ్బు మూతలోనే ఉంది. మూతలో గాలి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ దిగిన కొద్దీ ట్యాంకులో గాలి పల్చబడి, చివరికి పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. గుండుసూదితో అయిపోయే పని.

మూడోది: కంప్రెషన్ ఉందా? ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, ఇంకొకరిని చేత్తో కిక్ నొక్కమనండి. వేలిని ఎగదన్నాలి. సుతారంగా గాలి తగిలి ఊరుకుంటే రింగులు అరిగాయి, లేదా హెడ్ గాస్కెట్ లీక్ అవుతోంది.

ఈ మూడూ బాగుండి కూడా స్టార్ట్ కాకపోతే అప్పుడు కార్బొరేటర్ వైపు వెళ్లండి. ఈ పనులన్నీ ఆరుబయటే చేయాలి. వంటింటి గోడ పక్కన పెట్రోల్ సీసా పెట్టి నేను అమ్మ చేత తిన్న చీవాట్లు మీకెందుకు?

కార్బొరేటర్: నాలుగు గదుల ఇల్లు

"కార్బొరేటర్ ట్యూనింగ్" అంటే ఒక స్క్రూ తిప్పడం అనుకునేవాణ్ని. నిజానికి రేస్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి లోపల వేరువేరు భాగాలు పనిచేస్తాయి.

రేస్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ.
ఎనిమిదో వంతు నుంచి పావు దాకా స్లైడ్ కింది అంచు కోత.
పావు నుంచి ముప్పావు దాకా నీడిల్.
ముప్పావు నుంచి పూర్తిగా తెరిచేదాకా మెయిన్ జెట్.

హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి. కానీ ఈ పట్టిక గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. హ్యాండిల్ గ్రిప్ మీద తెల్ల టేపు అంటించి, పెన్నుతో మూసినప్పుడు, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గుర్తులు పెట్టుకోండి. బండి ఎక్కడ తడబడుతోందో చూసి, ఆ గుర్తుని బట్టి ఆ గదికే వెళ్లండి. సగం రేస్ దగ్గర గొడవ ఉంటే మెయిన్ జెట్ మార్చి లాభం లేదు.

అది రిచ్చా, లీనా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. బండి తడబడే చోట చోక్ కొద్దిగా వేసి చూడండి. చోక్ అంటే అదనపు పెట్రోలే. బండి తేరుకుంటే అక్కడ లీన్. ఇంకా ముక్కితే అక్కడ రిచ్. ఇది కాలేజీ గ్రౌండులాంటి ఖాళీ చోటే చేయండి, రోడ్డు మీద వద్దు.

ఇక సర్దడం. ఎయిర్ స్క్రూని మెల్లగా పూర్తిగా లోపలికి బిగించి (గట్టిగా బిగిస్తే మొన అరిగిపోతుంది), ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. ఇది మొదలు. ఇంజన్ బాగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున లోపలికీ బయటికీ తిప్పుతూ, ఐడిల్ ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉందో పట్టుకోండి. తర్వాత ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించండి. ఈ రకం కార్బొరేటర్‌లో ఎయిర్ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది, బయటికి తిప్పితే గాలి పెరిగి లీన్ అవుతుంది. స్క్రూ ఇంజన్ వైపు ఉండే కార్బొరేటర్లలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. కాబట్టి ముందు స్క్రూ ఎటు ఉందో చూడండి. స్క్రూ దాదాపు పూర్తిగా లోపలికి పోతేగానీ బండి కుదుట పడటం లేదంటే పైలట్ జెట్ మూసుకుపోయింది, లేదా చిన్నదైంది. రెండున్నర చుట్లు దాటి బయటికి రావాల్సి వస్తే జెట్ పెద్దదైంది.

నీడిల్ పైన క్లిప్ ఉంటుంది. క్లిప్‌ని ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది. పైకి జరిపితే లీన్. మెయిన్ జెట్ మీద అంకె పెరిగిన కొద్దీ రంధ్రం పెద్దది. ఏ జెట్‌నీ ఇనుప తీగతో పొడవద్దు. ఇత్తడి మెత్తటిది, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ స్ప్రే, గాలి, మరీ మొండిగా ఉంటే సన్నని నైలాన్ దారం. అంతే.

మనలో చాలామంది ట్యూనింగ్ అంటే టాప్ స్పీడ్ అనుకుంటాం. ట్రయల్స్ పోటీల వీడియోలు చూశాక నా అభిప్రాయం మారింది. కూర్చోవడానికి సీటు కూడా ఉండని బండ్లమీద, బండరాళ్ల మీంచి, వాగుల్లోంచి నడక వేగంతో వెళ్తారు. కాలు ఒకసారి నేలకి ఆనిస్తే ఒక పాయింటు శిక్ష, రెండుసార్లకి రెండు, అంతకుమించితే మూడు, ఆగిపోయినా పడిపోయినా అయిదు. ఎవరికి తక్కువ పాయింట్లుంటే వాళ్లే గెలుపు. స్కాట్లాండులో ఆరు రోజులపాటు జరిగే ట్రయల్‌లో 1965లో సామీ మిల్లర్ స్పెయిన్ వాళ్ల బుల్టాకో షెర్పా అనే తేలికైన టూ స్ట్రోక్ మీద గెలిచాక, అక్కడ అప్పటిదాకా రాజ్యమేలిన బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్‌ల కాలం ముగిసింది. ఆ బండ్లు ట్యూన్ చేసేవాళ్లు ప్రాణం పెట్టేది మొదటి పావు రేస్ మీద. వేలు కదిపితే ఇంజన్ అంతే కదలాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. ఆలోచిస్తే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మన బతుకూ అంతే కదా? రోజంతా మనం నడిపేది ఆ పావు రేస్ మీదే. పైలట్ జెట్ శుభ్రంగా ఉండి, ఎయిర్ స్క్రూ సరిగ్గా కుదిరితే బండి సగం కొత్తదైనట్టు అనిపిస్తుంది.

ప్లగ్ రంగు, ఇప్పటి పెట్రోల్

కాసేపు నడిపాక ప్లగ్ విప్పి చూడండి. లోపలి పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే బాగుంది. పొడి మసిలా నల్లగా ఉంటే రిచ్. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంటే టూటీ ఆయిల్ ఎక్కువవుతోంది, లేదా గేర్‌బాక్స్ ఆయిల్ లోపలికి వస్తోంది. సున్నంలా తెల్లగా ఉంటే బండి తీయకండి. లీన్. నా ప్లగ్ తెల్లగానే ఉండి ఉంటుంది. విప్పి చూసినవాడెవడు?

ఇప్పుడు ఇంకో లెక్క. మన బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. సాంద్రతలు కలిపి లెక్కేస్తే ఈ మిశ్రమానికి 13.5 కిలోల దగ్గర వస్తుంది. కాగితం మీద మీరూ వేసి చూడండి, అయిదు నిమిషాల పని. కొత్త బండ్లలో సెన్సర్ చూసుకుని పెట్రోల్ పెంచుకుంటుంది. 1995 కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. దాని జెట్ రంధ్రం అంతే ఉంది, అంతే పోస్తుంది. ఫలితంగా పాత బండి ఏమీ మార్చకుండానే 8 శాతం దాకా లీన్ అయిపోయింది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్నీ వాషర్లనీ పాడుచేస్తుంది. సెలవుల్లో బండి నెలరోజులు పక్కన పెట్టేట్టయితే కార్బొరేటర్ కింది గిన్నె ఖాళీ చేసి వెళ్లండి.

ఇంకోసారి పట్టేసేదే

ఇక మా బండి కథ. హెడ్ తీసి చూస్తే పిస్టన్ పక్కలు గీరుకుపోయి, అల్యూమినియం సిలిండర్ గోడకి పూతలా అంటుకుని ఉంది. మా వీధి చివర మెకానిక్ బాబాయ్ చూసి, "ఫిల్టర్ పీకేస్తే పట్టేయక ఏం చేస్తది?" అన్నాడు. నాన్నా అదే అన్నారు. నేనూ ఒప్పుకున్నా. లేత్ షాపులో 0.50 ఓవర్‌సైజుకి బోరు చేయించి, కొత్త పిస్టన్, రింగులు వేశాం. ఖర్చు నా ట్యూషన్ డబ్బుల్లోంచి పోయింది. ఫిల్టర్ మళ్లీ పెట్టా. స్టార్ట్ అయింది. ఇంట్లో అందరూ సంతోషించారు.

కానీ ఒక చిన్న విషయం. రేస్ ఇచ్చి వదిలేస్తే ఇంజన్ వెంటనే ఐడిల్‌కి దిగడం లేదు. పైన కాసేపు వేలాడి, మెల్లగా దిగుతోంది. "కొత్త బోరు కదా, సర్దుకుంటుందిలే" అనుకున్నా. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో పాత వీడియో ఒకటి కంటబడింది. ఫిల్టర్ తీసిన రోజు స్టేటస్‌కోసం "ముందు, తర్వాత" అని తీసిన వీడియో. "ముందు" భాగంలో ఫిల్టర్ ఉంది. అయినా రేస్ వదిలాక శబ్దం వేలాడుతోంది. నాలుగుసార్లు విన్నా. అంటే ఫిల్టర్ తీయకముందే జబ్బు ఉంది. కొత్త పిస్టన్ వేసి, అదే జబ్బుతో, అదే రోడ్డెక్కబోతున్నాం.

ఆ రోజు ఒక నోట్‌బుక్ తీసి నియమం రాసుకున్నా: ఒకసారికి ఒక్కటే మార్పు. మార్చినది, ఎందుకు మార్చానన్నది, ఏమైందన్నది రాయాలి. ఫలితం లేకపోతే పాత చోటికి తెచ్చాకే ఇంకోటి ముట్టుకోవాలి.

మొదటి రోజు పైలట్ జెట్ శుభ్రం చేశా. మార్పు లేదు. రెండో రోజు ఎయిర్ స్క్రూ. లోపలికి తిప్పితే కాస్త తగ్గింది, పోలేదు. మూడో రోజు యాక్సిలరేటర్ కేబుల్ బిగుతు. బాగానే ఉంది. నాలుగో రోజు ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కార్బొరేటర్ రబ్బరు మానిఫోల్డ్ చుట్టూ సబ్బునీళ్లు కొట్టా. పగులుంటే నీళ్లు లోపలికి పోయి శబ్దం మారాలి. మారలేదు. మిగిలింది క్రాంక్‌కేస్. దాన్ని పరీక్షించాలంటే లోపల కొద్దిగా గాలి ఒత్తిడి పెట్టి, నిలుస్తుందో లేదో చూడాలి. అందుకు 6 పీఎస్ఐ చాలు. సైకిల్ పంపుతో అంత సన్నగా కొట్టడం కుదరదు, గేజీలో ఆ అంకె కనపడనైనా కనపడదు.

నానమ్మ గదిలో బీపీ మిషన్ ఉంది. చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి, ముల్లున్న గేజీ. గేజీ 300 దాకా ఉంటుంది. 300 మిల్లీమీటర్ల పాదరసం అంటే 5.8 పీఎస్ఐ. సరిగ్గా సరిపోయింది! "దేనికిరా?" అంది నానమ్మ. "బండికి బీపీ చూడాలి" అన్నా. "నా దానికి నూనె అంటిందంటే ఊరుకోను" అని ఇచ్చింది.

సైలెన్సర్ విప్పి, ఆ మూతి మీద సైకిల్ ట్యూబు ముక్క పరిచి, పైన రేకు పెట్టి బిగించా. కార్బొరేటర్ తీసి, రబ్బరు మానిఫోల్డ్ మూతిలో రంధ్రం చేసిన రబ్బరు బిరడా దూర్చి, అందులోంచి బీపీ మిషన్ గొట్టం పెట్టి క్లిప్పు బిగించా. ప్లగ్ ఉండాల్సిన చోటే ఉంది. పిస్టన్‌ని పూర్తిగా కిందికి దించా. అప్పుడు పోర్టులు తెరుచుకుని సిలిండరూ క్రాంక్‌కేసూ ఒకటే గది అవుతాయి. తమ్ముడు బుడ్డి నొక్కాడు. 300కి వచ్చింది. నేను ఇరవై లెక్కపెట్టేలోపు ముల్లు 100కి జారిపోయింది.

బ్రష్‌తో సబ్బునురగ ఒక్కో అతుకు మీదా రాశాం. ప్లగ్ అడుగున బుడగలు లేవు. హెడ్ గాస్కెట్ దగ్గర లేవు. సిలిండర్ అడుగున లేవు. ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ తీసి, చక్రం వెనక సందులో రాసేసరికి, పొంగిన పాలలాగా నురగ బయటికి వచ్చింది. మ్యాగ్నెట్ వైపు క్రాంక్ ఆయిల్ సీలు.

బాబాయ్ దగ్గర పుల్లర్ అరువు తెచ్చి మ్యాగ్నెట్ తీశాం. మెత్తగా ఉండాల్సిన సీలు పెదవి ప్లాస్టిక్‌లా గట్టిపడి పగిలిపోయింది. కొత్త సీలు ఖరీదు ఇద్దరం హోటల్లో టిఫిన్ తిన్నంత. స్ప్రింగు ఉన్న వైపు క్రాంక్‌కేస్ లోపలికి ఉండేట్టు, పెదవికి కాస్త గ్రీజు రాసి కూర్చోబెట్టాం. మళ్లీ 300కి నొక్కితే అయిదు నిమిషాలకి ముల్లు 290 దగ్గర ఉంది. బండి స్టార్ట్ చేసి రేస్ ఇచ్చి వదిలా. టక్కున ఐడిల్‌కి దిగింది.

మరి ఇన్నాళ్లూ పట్టేయని ఇంజన్ ఆ రోజే ఎందుకు పట్టేసింది? నాన్న ఇదే అడిగారు. నోట్‌బుక్‌లో లెక్క చూపించా. సీలు మెల్లగా ఎన్నేళ్లుగానో పాడవుతూ ఉంది, దాని ప్రభావం ఐడిల్‌లో ఎక్కువ, పెద్ద రేస్‌లో తక్కువ, అయినా కొంత లీన్. పెట్రోల్ మారడంతో ఇంకొంత లీన్. ఈ రెండూ బండి ఎలాగో భరించింది. మీద ఫిల్టర్ పీకి నేను మూడోది చేర్చా. ఒక్కొక్కటీ విడిగా వస్తే దాటిపోయే తప్పులు, మూడూ ఒకే వైపు లాగాయి. అందరం చివరిదాన్నే పట్టుకున్నాం, ఎందుకంటే అదొక్కటే కళ్లకి కనిపించింది. నా తప్పు దానివల్ల చిన్నదైపోదు. కానీ దాన్ని ఒప్పుకుని అక్కడితో ఆగిపోయి ఉంటే మిగతా రెండూ బండిలోనే ఉండేవి.

చివరగా మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, నీడిల్ క్లిప్ ఒక గాడి దించా. రెండూ వేరువేరు రోజుల్లో. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు సగం రేస్ దాటలేదు. ప్లగ్ కాఫీపొడి రంగుకి వచ్చింది.

గోడకి అంటించుకోవడానికి

రేస్ వదిలాక శబ్దం వేలాడుతోంది: లీన్. పైలట్ జెట్, మానిఫోల్డ్ రబ్బరు, మ్యాగ్నెట్ వైపు సీలు, ఈ వరసలో చూడండి.

తెల్లపొగ ఆగడం లేదు, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతోంది: క్లచ్ వైపు క్రాంక్ సీలు.

కొంత దూరం పోయి ఆగుతోంది, ఆగితే మళ్లీ స్టార్ట్: ట్యాంకు మూత రంధ్రం.

స్టాండు వేసి ఉండగా కార్బొరేటర్ నుంచి పెట్రోల్ కారుతోంది: ఫ్లోట్ నీడిల్ కింద చెత్త, లేదా ఫ్లోట్‌కి చిల్లు.

ఐడిల్ బాగుంది, పైకి లాగడం లేదు, శబ్దం మూసుకుపోయినట్టుంది: సైలెన్సర్ లోపలి బాఫిల్ నిండా మసి. విప్పి శుభ్రం చేయండి.

ఎక్కుడులో "టింగ్ టింగ్"మని గాజు గీసినట్టు శబ్దం: లీన్ లేదా మరీ వేడి. వెంటనే రేస్ తగ్గించండి.

నడుస్తుండగా శబ్దం సన్నబడి, బండి ఎవరో వెనక్కి లాగినట్టుంది: ఇంజన్ పట్టేయబోతోంది. మొదట క్లచ్. మిగతావన్నీ తర్వాత. నా ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పుడు ఎప్పుడూ క్లచ్ లీవర్ మీదే ఉంటాయి.

మొన్న దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఆయుధపూజకి బండి కడిగి, బొట్టు పెట్టి, టూల్‌బాక్స్ తెరిచా. నోట్‌బుక్ అందులోనే ఉంది. నేను వదిలేసిన పేజీ తర్వాత నాన్న చేతిరాత. తేదీ, మీటర్ రీడింగు, ఎన్ని లీటర్లు పోయించారు, ప్లగ్ రంగు ఏమిటి. వరసగా పదకొండు ఎంట్రీలు. చివరిదాని కింద ఒక వాక్యం ఉంది: "నీడిల్ క్లిప్ ముట్టుకోలేదు. నువ్వొచ్చాక చూద్దాం."